కొలత తెలిసిన చెయ్యి

పెద్దదినం నాడు ఊరి మొదట్లో నీ ఫ్లెక్సీ కట్టినారు, జేజీ. అనురాగమూర్తి, త్యాగశీలి, ఆదర్శ గృహిణి అని ఎర్రటి అక్షరాలు. కింద వరసగా కొడుకులు, కోడండ్లు, కూతుండ్లు, అల్లుండ్లు, మనవలు, మనవరాండ్లు. ఇంకా మాటలు రాని మునిమనవడు కూడా నల్లకళ్లద్దాలతో ఉన్నాడు. నడుమ నీ ముఖం. ఆధార్ కార్డుకని తీసిన ఫోటోను పెద్దది చేసినారు. ఫోటో తీసేవాణ్ణి ఏమాత్రం నమ్మని చూపు అది.

పులివెందుల నుంచి జమ్మలమడుగుకు, అక్కడి నుంచి ప్రొద్దుటూరుకు పోతుంటే దోవ పొడుగునా ఇట్లాంటి జేజులు గాలికి ఊగుతూ కనిపిస్తారు. అందరి కిందా అవే మాటలు. అబద్ధమని అనను. అయితే త్యాగం అనే మాట ఒకటి కప్పేస్తే దాని కింద నీ పనితనం కనపడకుండా పోతుంది. అదీ నా బాధ. నీ పేరు ఇక్కడ రాయను. తుమ్మలపల్లెలో గానీ, పక్కన మబ్బుచింతలపల్లె, రాచకుంటపల్లె, భూమయ్యగారిపల్లెలలో గానీ ఏ గడప తొక్కినా నీ వయసామె ఒకరుంటారు, లేదా మొన్నమొన్నటి దాకా ఉండినారు. ఈ పొగడ్త మీ అందరిదీ. పొగిడేది మాత్రం ఒక్క గుణాన్ని. కొలతను.

నీ చేతికి మొక్కుతా, జేజీ. చిటికెడు, పిడికెడు, గుప్పెడు, దోసెడు అని దేవుడు ఆ చేతిలోనే కొలతలన్నీ పెట్టి పంపినాడు. పుట్టింటోళ్లు ఒడిబియ్యంతో పాటు పెట్టిన సామాన్లలో ఒక ఇత్తడి శేరు ఉండింది. నీకు దాని అవసరం తక్కువ. అది ఊళ్లోవాళ్ల కోసం, నీ చేతి లెక్క నమ్మనివాళ్ల కోసం.

నువ్వు పుట్టింది పెన్నకు దగ్గర, గండికోటకు ఎగువన, రేగడి నేలలో. జొన్న, పత్తి, శనగ పండే నేల. వాన పడితే కాలు ఊడి రానీదు. మెట్టింది ఈ పక్కకు, సున్నపురాతి గుట్టల నడుమకు. ఎర్రమన్ను, గులకరాయి, కొర్ర, రాగి, తరువాతి కాలంలో చెనిక్కాయ. కడప జిల్లాకు ఏడాది వాన సగటున 700 మిల్లీమీటర్ల చుట్టూ అని లెక్కలు చెప్తాయి. ఆ సగటుకు నీ మెట్టినూరి దారి తెలియదు.

ఇంతటి కొలత నీకు ఎక్కడ పట్టుబడిందో నాకు తెలుసు. 1952 కరువులో రాయలసీమలో గంజి కేంద్రాలు పెట్టినారు. గిన్నె పట్టుకొని వరసలో నిలబడిన పిల్లల్లో నువ్వొకదానివి. ఆ వయసులో అందరు పిల్లలూ గంజి వైపు చూస్తారు. నువ్వు గరిటె వైపు చూసినావు. నిండుగా లేచిందా, అంచు దగ్గర వాలిందా, ముందు నిలబడిన వానికి ఎంత పోసినారు, నీ తరువాత నిలబడిన చెల్లెలికి ఎంత మిగులుతుంది. విద్వాన్ విశ్వం ‘పెన్నేటి పాట’ రాసింది ఈ సీమ కరువు బతుకు మీదనే. నువ్వు అది చదవలేదు. చదివి తెలుసుకోవాల్సినంత దూరంలో లేవు.

నీ ఇంటికి మొక్కుతా. మట్టిమిద్దె, కడప బండలు పరిచిన నట్టిల్లు, పైన గవాచి. గవాచిలోంచి పడే ఎండ బండ మీద ఎక్కడుందో చూసి పొయ్యి అంటించేదానివి. గడియారం వచ్చినాక కూడా దాన్ని ఎండను బట్టి సరిచేసినావే గానీ, ఎండను దాన్నిబట్టి చూడలేదు. ఈ బండ పుట్టి కోట్ల ఏళ్లయిందని భూగర్భ శాస్త్రం వాళ్లు అంటారు. దాని మీదనే నువ్వు ఊరుబిండి నూరినావు, పిల్లలకు పాలు పట్టినావు, వడ్డీ లెక్కలు బొగ్గుతో గీతలు పెట్టి చూసుకున్నావు. చదువు రాని నీకు గీతలు వచ్చు. నాలుగు నిలువు గీతలు, ఒక అడ్డగీత, అయిదు.

నీ సంగటికి మొక్కుతా. ఇక్కడ కాసేపు కూర్చోవాలి, ఆత్రపడితే కాదు. నూకలు ముందు ఉడకాలి. గింజ నలిపితే నలగాలి, అయినా గింజగానే ఉండాలి. అప్పుడు రాగిపిండి ఒక్కసారిగా, గుట్టగా పోసి, కట్టెతో నడుమ ఒక బొక్క చేసి వదిలేయాలి. ఆ బొక్కలోంచి ఎసరు పొంగి పిండి మీదకు ఎక్కుతుంది. కలపకూడదు. కొత్తకోడలు అక్కడే తొందరపడుతుంది, ఉండలు కడుతుంది. మంట తగ్గించి, మూత పెట్టి, కుండను కాళ్ల నడుమ ఇరికించుకొని అప్పుడు ఎనపాలి, భుజం నుంచి, మణికట్టు నుంచి కాదు. చేయి తడుపుకొని ముద్ద చేస్తే ముద్ద మీద వేలి గుర్తు ఉండకూడదు. గోగాకు పప్పో, చెనిక్కాయల ఊరుబిండో, పండగనాడు నాటుకోడి పులుసో పక్కన.

పెద్దవాళ్ల చెయ్యి అందాజుగా వేస్తుందని, దానికి లెక్క ఉండదని చెప్తుంటారు. నీ విషయంలో ఇది శుద్ధ తప్పు. శేరు పిండికి నూకలెంత, ఎసరెంత, పాత రాగులైతే ఎంత పెంచాలి, కొత్త రాగులైతే ఎంత తగ్గించాలి, అన్నీ నీకు నోటికి వచ్చు. అడిగితే చెప్పేదానివి. అడిగినవాళ్లు తక్కువ.

ఇంకో మాట. ఇంటిల్లిపాదీ తిన్నాక మిగిలింది తినే తల్లి అని పెద్దదినం నాడు మైకులో ఎవరో అన్నారు. నేను చూసింది అట్లా లేదు. ముద్దలు చేసేటప్పుడు నీ ముద్ద నువ్వు ముందే తీసి, మూకుడు కింద పెట్టుకునేదానివి. ఆలస్యంగా తినేదానివి, నిజమే, కానీ తక్కువ తినలేదు. ఒకసారి పెద్దకోడలు తన ముద్దలో సగం మొగునికి వేసి నీళ్లు తాగి లేస్తే కోపపడినావు. “నువ్వు పడిపోతే రేపు కుండ ఎవురు దించాల? తిను,” అన్నావు. త్యాగశీలి అని రాసినవాళ్లకు ఈ సంగతి చెప్పాలనిపించింది.

నీ కాపురానికి మొక్కుతా. జేజినాయన పేరు నీ నోట ఎన్నడూ రాలేదు. ఆయనను మందలించిన మాటలు మాత్రం ఊరందరికీ వచ్చు. కొత్తల్లో బావి మీద కపిల ఉండింది. ఎద్దులు దారి దిగితే తోలుబాన పైకి వచ్చి తొట్టిలో కుమ్మరిస్తుంది, ఎద్దులు వెనక్కి నడిస్తే బాన మళ్లీ దిగుతుంది. ఆయన కపిల తోలితే నువ్వు మడవ తిప్పేదానివి. బానకు బానకు నడుమ ఎంతసేపు పడుతుందో, ఏ మడికి ఎన్ని బానలు పడితే తడి వేరు దాకా దిగుతుందో చూసి పారతో కట్ట తెంచి, కట్ట వేసి. ఆయన బాన పోసినప్పుడు పాట ఎత్తేవాడట. నువ్వు పాట విని బానలు లెక్కపెట్టుకునేదానివట. భార్యాభర్తల అన్యోన్యం అంటే నాకు ఇదే గుర్తొస్తుంది. ఒకరికొకరు ముఖం కనపడనంత దూరంలో ఇద్దరూ ఒకే నీళ్ల మీద పనిచేయడం.

విత్తనం దగ్గర మాత్రం ఆయన మాట చెల్లలేదు. వాన పడిన మర్నాడు గొర్రు కట్టినప్పుడు జడ్డిగంలో గింజలు విడిచే పని నీది. ఎద్దుల నడకకు సరిపడా వేళ్లు వదులు చేయాలి. ఎక్కువైతే మొలకలు ఒకదాన్నొకటి తింటాయి, తక్కువైతే చేను పలచబడుతుంది. రోజంతా వంగి నడిచి, సాయంత్రానికి సంచిలో గింజలు ఏ చాలు దగ్గర అయిపోవాలో ఆ చాలు దగ్గరే అయిపోయేవి. అంతకుముందు ఎండాకాలమంతా ఆడవాళ్లు అరుగుల మీద కూర్చొని విత్తనానికని చెనిక్కాయలు వలిచేవాళ్లు. యంత్రంలో వేస్తే గింజ బద్దలవుతుంది, పైపొర లేస్తుంది, మొలవదు. వేళ్ల చివర్లు పగిలి ఎర్రబడేవి.

ఆ విత్తనం మూటల మీద అప్పులవాని చూపు, జేజినాయన చూపు కలిసి పడిన ఏడాది ఒకటి ఉంది. ఒక్క మూట అమ్మితే వడ్డీ తీరుతుందని ఆయన అన్నాడు. “అమ్ము. వానొచ్చిన పొద్దు గొర్రు వెనక ఏం పోస్తావు, నీ మీసాలా?” అన్నావు. మూట కదలలేదు. వడ్డీకి నీ కమ్మలు ప్రొద్దుటూరు పోయినాయి. బంగారం వ్యాపారానికి రెండో ముంబై అని చెప్పుకునే ఊరు కదా, మన పల్లెల ఆడవాళ్ల చెవులు, మెడలు ఎన్నిసార్లు ఆ అంగళ్ల మెట్లెక్కి వచ్చినాయో ఆ ఊరికే తెలియాలి. కుదవ పెట్టినప్పుడు కాటా మీద ముల్లు చూసి, విడిపించినప్పుడు మళ్లీ చూసినావు. సెట్టి నొచ్చుకున్నాడట. నొచ్చుకోనీ.

కాన్పుల సంగతి నువ్వు ఎక్కువ చెప్పలేదు, నేనూ చెప్పను. మొదటివి మంత్రసాని చేతిలో. ఒకటి నిలవలేదు. బిడ్డ అడ్డం తిరిగినప్పుడు జమ్మలమడుగులో మిషను ఆసుపత్రికి ఎద్దులబండిలో పోయినావు. 1949లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి పుట్టింది కూడా అక్కడే. తరువాత ఆయనే పులివెందులలో ఆసుపత్రి పెట్టి రూపాయి డాక్టరు అనిపించుకున్నప్పుడు మీ ఊరి చంటిపిల్లలందరికీ దారి దగ్గరయింది.

పొద్దుగూకినాక నీ లెక్క వేరుగా ఉండేది. గంప కింద కోళ్లు, కొట్టంలో ఎద్దులు, దొడ్లో గొర్రెపిల్లలు, చివరికి కొడుకులు. మన సీమలో ఒక కాలం నడిచింది. ఆ కాలంలో మగపిల్లోడు చీకటి పడినా ఇల్లు చేరకపోతే తల్లి కడుపులో ఏముంటుందో బయటివాళ్లకు చెప్పలేం. నువ్వు కొడుకులను ఎవరి జీపూ ఎక్కనీలేదు. పెద్దోని కోసం జీపు వాకిట్లోకి వచ్చి నిలబడిన రాత్రి, అన్నం తింటున్నాడని చెప్పి వాకిట్లోనే కూర్చున్నావట, జీపు కదిలిపోయేదాకా. వాడు తింటూనే ఉన్నాడట. ఒక మనిషి అంతసేపు అన్నం తినడం ఊళ్లో ఎప్పుడూ జరగలేదని ఇప్పటికీ నవ్వుకుంటారు.

తరువాత బోర్ల కాలం. చేతిలో టెంకాయ పెట్టుకొని నీళ్లు చూసేవాడొకడు, రిగ్గు బండివాడొకడు, ఫైనాన్సువాడొకడు. కపిల బావి ఎండింది, మోటరు బావి ఎండింది, బోరు లోతు ఏటేటా పెరిగింది. లింగాల, వేముల, పులివెందుల పక్క చీనీ తోటలు నిలువునా ఎండుతుంటే ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోసినారు, కొందరు కొట్టేసినారు. నీ చీనీ చెట్లు కొట్టించిన రోజు నువ్వు చేను మొహం చూడలేదు. సాయంత్రం మాత్రం కట్టె ఎన్ని బండ్లయిందో అడిగినావు.

నీ కింద ఇంకో సంపద ఉందని ఆలస్యంగా తెలిసింది. తుమ్మలపల్లె సున్నపురాతిలో యురేనియం. 2007 నవంబరులో ముఖ్యమంత్రిగా రాజశేఖరరెడ్డి శంకుస్థాపన చేసినారు. 2011లో అణుశక్తి సంఘం పెద్దలు ఇక్కడ లక్షన్నర టన్నుల దాకా ఉండొచ్చన్నప్పుడు ప్రపంచంలోనే పెద్ద నిక్షేపాల్లో ఒకటని పేపర్లలో పడింది. 2012లో మిల్లు మొదలయింది. రోజుకు 3000 టన్నుల రాయి శుద్ధి చేసేలా కట్టినారు. భూమి కాగితాల మీద నువ్వు వేలిముద్ర వేసినావు. మనకు దొరికిన తొలి తెలుగు శాసనం ఈ జిల్లాలోనే, ఎర్రగుంట్ల దగ్గర కలమళ్లలో, క్రీస్తుశకం 575 నాటిది. అన్ని శతాబ్దాలు గడిచినా అదే సీమలో నీ పేరు రాసుకునే అవకాశం నీకు రాలేదు. ఇది మాత్రం నేను పొగడను.

గనిలో పనికి చేరిన మనవడు ఒకరోజు నీకు లెక్క చెప్పినాడు. టన్ను రాయి తవ్వి, పొడి చేసి, ఉడికిస్తే వచ్చే పసుపుపిండి అరకిలో కూడా ఉండదని. నువ్వు చేటలో బియ్యం చెరుగుతా ఉండినావు. చెరిగే చెయ్యి ఆపి అడిగినావు: “మిగిలిందంతా యాడ పోస్తారు?”

పెద్ద చదువులు చదివినవాళ్లు రిపోర్టుల్లో పేజీలకు పేజీలు రాసిన ప్రశ్న అదే. మిగిలింది కొట్టాల అనే ఊరి దగ్గర చెరువు లాగా కట్టి అందులోకి పంపినారు. 2018 వచ్చేసరికి చుట్టుపక్కల రైతులు బోరు నీళ్లు చెడినాయని, అరటి ఎండిపోతోందని, ఒంటిమీద దద్దుర్లు వస్తున్నాయని చెప్పడం మొదలుపెట్టినారు. గని నడిపే సంస్థ తన వల్ల కాదంది. 2019లో కాలుష్య నియంత్రణ మండలి నోటీసులిచ్చింది. ఎవరి నీళ్లలో ఎంత ఉందన్నది ప్రయోగశాలలు తేల్చాలి. నువ్వు మాత్రం ఆ ఏటి నుంచి ఇంట్లోకి వచ్చే ప్రతి బిందెలో ఒక గుక్క నోట్లో పోసుకొని, కాసేపు ఉంచుకొని, ఉమ్మేసి, ఆ తరువాతే పిల్లలకు పోసినావు.

నీ పుట్టింటి దిక్కు ఏమయిందో చెప్పకపోతే ఈ కథ సగమే. పెన్న మీద గండికోట జలాశయం 26.85 టీఎంసీల నీళ్లు పట్టేలా కట్టినారు. నీళ్లు నింపుతూ పోగా 2020లో తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్లు ఖాళీ అయినాయి. బిందెడు నీళ్ల కోసం నువ్వు చిన్నప్పుడు నడిచిన దిక్కంతా నీళ్ల కిందికి పోయింది. తమ్ముని కొడుకు ఫోనులో నీళ్లు చూపించినాడు. చాలాసేపు చూసి, “మంచివేనా, ఉప్పునీళ్లా?” అన్నావు. ఏడవలేదు. ఏడుపు కూడా నువ్వు చూసి ఖర్చుపెట్టే మనిషివే. కానీ ఆ రాత్రి దీపం ఆర్పకుండా పడుకున్నావని చిన్నకోడలు చెప్పింది.

జేజిగా నీకు మొక్కుతా. ఇది అన్నిటికంటే పెద్ద ఉద్యోగం, అన్నిటికంటే ఆలస్యంగా వచ్చింది. కూతురు కువైట్‌లో ఇంటిపనికి పోతే దాని ఇద్దరు పిల్లలూ నీ పక్కలోకి వచ్చినారు. కడప జిల్లాలో ఎన్ని ఇండ్లలో జేజులూ అవ్వలూ రెండోసారి తల్లులయినారో ఏ లెక్కల పుస్తకంలోనూ ఉండదు. అమ్మ ఫోను చేస్తే పిల్లలు ఏడవకుండా ఉండేందుకు ముందే బొరుగులు, బెల్లం చేతిలో పెట్టేదానివి. ఫోను పెట్టేసినాక ఎంతసేపటికి పిల్ల మామూలవుతుందో నీకు తెలుసు, అంతసేపు పనిలేకుండా పక్కన కూర్చునేదానివి. ఇంకే పనికీ నువ్వు అంత కాలం ఊరికే ఇవ్వలేదు. ఆ పిల్లే ఇడుపులపాయ ట్రిపుల్ ఐటీలో సీటు తెచ్చుకుంది. హాస్టలుకు పోయే రోజు నువ్వు కట్టిచ్చిన చెనిక్కాయల పొడి డబ్బా మీద నీ బొగ్గుగీతలు. దినానికి ఒక చెంచా అయితే పండక్కి ఇంటికొచ్చేదాకా సరిపోతుందని.

పింఛను సంగతి కూడా చెప్పాలి. 200 అందుకున్నావు, 2014 తరువాత 1000, 2019లో 2250, ఆఖరి నాళ్లలో 4000. ఒకటో తేదీన నోట్లు మూడు కొంగుముళ్లు అయ్యేవి. ఒకటి మందులకు, ఒకటి చీటీకి, మూడోది ఎవరికన్నది ఎవరికీ చెప్పలేదు. నువ్వు పోయినాక తెలిసింది. గండిలో శ్రావణ శనివారాలకు వీరాంజనేయుని దగ్గరికి పోలేని ముసలోళ్లకు, మీ వీధిలో నీకంటే ముసలోళ్లకు, నువ్వు ఆటో పెట్టి పంపుతున్నావట. నీకంటే ముసలోళ్లు అప్పటికి ఇద్దరే మిగిలినారు.

జేజినాయన పక్కనే, చేని గట్టున నిన్ను పెట్టినారు. సంక్రాంతికి పెద్దలకు బట్టలు పెట్టేటప్పుడు నీకు కొత్త చీర పెట్టినారు. అది కట్టుకోవాల్సిన చిన్నకోడలు చీర అంచును మూరలేసి చూసింది, పన్నెండు మూరలకు రెండు వేళ్లు తక్కువుందని అంగడివాని మీద అరిచింది. నీ బతుకంతా నీ లెక్కలతో విసిగిపోయిన మనిషి ఆమె.

మొన్న అరటి గెలలు కోసినారు. వ్యాపారి లారీ తెచ్చి, తూకం వేసి, కాండానికింత, తడికింత అని తరుగు తీసి కాగితం రాసిచ్చినాడు. మీ చిన్నోడు సంతకం పెట్టబోయినాడు. చిన్నకోడలు అడ్డమొచ్చింది. “ఉండన్నా, కాటా ఇంకోసారి పెట్టు. గెలలు దించు,” అంది. వ్యాపారి పొద్దుపోయిందన్నాడు. తమకు పొద్దుపోలేదని ఆమె గట్టు మీద కూర్చుంది. హమాలీలు తిట్టుకుంటూ దించినారు. రెండో తూకానికి అరవై కిలోలు ఎక్కువొచ్చింది.